కాన్‌ఫికర్ పట్టిన ల్యాన్: క్లీన్ చేస్తే సరిపోతుందా, అన్నీ ఫార్మాట్ కొట్టాలా?

లేత్‌షాప్: 22 పీసీలు. 14 విండోస్ 7, 7 ఎక్స్‌పీ, ఒక సర్వర్ 2003 డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లూ చూసే సర్వర్). యూజర్ అకౌంట్లు ఊరికే లాకవుతున్నాయి, యాంటీవైరస్ సైట్లు తెరుచుకోవు, ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆఫ్‌లో పడున్నాయి. స్కాన్‌లో కాన్‌ఫికర్ (నెట్‌వర్క్‌లో ఒక పీసీ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే పురుగు) అని తేలింది. ఒక ఎక్స్‌పీ సీఎన్‌సీ మెషీన్‌కు (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) కట్టి ఉంది, దాని సాఫ్ట్‌వేర్ సీడీ లేదు. ఏం చేయాలి?

సున్నానుంచి: ఫార్మాటే. కాన్‌ఫికర్‌ను తీసేయలేమని కాదు, అది లోపల ఇంకేం దించుకుందో తెలియదు కాబట్టి. 2009 ఏప్రిల్‌లో వచ్చిన వేరియంట్ వాలెడాక్ అనే స్పామ్ బాట్‌నీ (మన పీసీ నుంచి చెత్త మెయిళ్లు పంపేది), ఒక దొంగ యాంటీవైరస్‌నీ తెచ్చిపెట్టింది. సిస్టమ్ రిస్టోర్ పాయింట్లు కూడా చెరిపేస్తుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు.

పోర్ట్445: ఫార్మాట్ కొట్టి, పాత ఎక్స్‌పీ సీడీ వేసి, ఫైల్ షేరింగ్ ఆన్ చేసి, ప్యాచ్ కోసం కేబుల్ గుచ్చుతారు. పక్క సిస్టమ్‌లో పురుగు అలాగే ఉంటే మళ్లీ పట్టేస్తుంది. కేబీ958644 (ఈ పురుగు దూరే విండోస్ రంధ్రాన్ని మూసే, 2008 అక్టోబర్ 23న వచ్చిన ఎంఎస్08-067 ప్యాచ్) పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, వేశాకే కేబుల్. ఎక్స్‌పీలో కనీసం ఎస్‌పీ2 (సర్వీస్ ప్యాక్ 2) లేకపోతే అది ఎక్కనే ఎక్కదు. 2003 సర్వర్‌కూ వేయాలి, అందరూ దాన్నే మరిచిపోతారు.

లేత్‌షాప్: మరి విండోస్ 7లోకి ఎలా వచ్చింది? ఆ రంధ్రం దానికి లేదంటారు కదా?

పోర్ట్445: లేదు. పాస్‌వర్డ్‌తో వచ్చింది. అడ్మిన్ షేర్ (అడ్మిన్‌ల కోసం విండోస్ నెట్‌వర్క్‌లో దాచి తెరిచి ఉంచే ఫోల్డర్) మీద తేలిక పాస్‌వర్డ్‌ల లిస్టు పెట్టి ఊహిస్తూ పోతుంది, అకౌంట్లు లాకయ్యేది అందుకే. దొరికితే సిస్టమ్32 ఫోల్డర్‌లో ఒక డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ కోడ్ ఉండే ఫైల్) వేసి, ఏటీ1 లాంటి పేరుతో షెడ్యూల్డ్ టాస్క్ పెడుతుంది. ఇంకో దారి పెన్‌డ్రైవ్‌లోని ఆటోరన్ (డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రామ్ దానంతటదే నడవడం). అందుకే ముఖ్యంగా ఒకటి: పట్టిన సిస్టమ్‌లో డొమైన్ అడ్మిన్‌గా (అన్ని పీసీల మీదా హక్కున్న అకౌంట్‌తో) లాగిన్ కావద్దు. లాగిన్ అయినవాడి హక్కులతోనే అది మిగతా వాటిలోకి పోతుంది. ఆ ఒక్క పీసీకే చెల్లే లోకల్ అడ్మిన్‌తో చేయండి.

రిజిస్ట్రీబాబాయ్: క్లీనింగ్ అంటే టూల్ నొక్కి వదిలేయడం కాదు బాబూ. టూల్ డీఎల్ఎల్‌ను తీసేస్తుంది, తర్వాత పని మీది. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లు దాచే చోటు) ఎస్‌వీసీహోస్ట్ కింద నెట్‌ఎస్‌వీసీఎస్ విలువ తెరవండి, అది సర్వీసుల పేర్ల లిస్టు. లిస్టు చివర్లో అర్థంలేని అక్షరాల పేరు ఉంటే అదే దొంగ. సర్వీసెస్ కింద అదే పేరుతో ఉన్న కీ మీద సిస్టమ్ అకౌంట్‌కు తప్ప ఎవరికీ పర్మిషన్ ఉండదు. ముందు పర్మిషన్ తీసుకుని, లోపలి డీఎల్ఎల్ పాత్ రాసుకుని, తర్వాతే డిలీట్. షెడ్యూల్డ్ టాస్కులు తుడిచి, అప్‌డేట్, బిట్స్ (అప్‌డేట్లను దించే సర్వీస్), డిఫెండర్ సర్వీసులు మళ్లీ ఆన్ చేయాలి. ఆన్ చేయడానికి వాడే ఎస్‌సీ కాన్ఫిగ్ కమాండ్‌లో ఈక్వల్ గుర్తు ‘స్టార్ట్’కు అతుక్కునే ఉండాలి, గుర్తు తర్వాత స్పేస్ తప్పనిసరి. చాలామందికి ఆ స్పేస్ దగ్గరే ఎర్రర్ వస్తుంది.

సున్నానుంచి: ఇదంతా 22 సిస్టమ్‌లకా? ఆ టైమ్‌లో ప్యాచ్‌లన్నీ వేసిన ఒక ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తయారుచేసి అన్నింటికీ దింపేయొచ్చు.

రిజిస్ట్రీబాబాయ్: విండోస్ 7 పద్నాలుగుకూ ఒకే హార్డ్‌వేర్ అయితే ఒప్పుకుంటా. సీఎన్‌సీ ఎక్స్‌పీని మాత్రం ఫార్మాట్ కొట్టొద్దు. ముందు దాని డిస్క్‌ను సెక్టార్ సెక్టార్ కాపీ తీసి పెట్టి, అసలుదాన్ని క్లీన్ చేయండి. పొరపాటు జరిగితే ఆ కాపీ తప్ప ఇంకో ఆధారం లేదు.

పోర్ట్445: ఆ ఒక్కదాన్నీ విడి వీల్యాన్‌లో (మిగతావాటి నుంచి వేరుచేసిన నెట్‌వర్క్ భాగం) పెట్టి, స్విచ్‌లో ఫైల్ షేరింగ్ వాడే 139, 445 పోర్టులు కట్టేయండి. ప్రోగ్రామ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి కాబట్టి కేబీ967715 అప్‌డేట్ వేసి అన్ని డ్రైవ్‌లకూ ఆటోరన్ ఆపండి. ఆ అప్‌డేట్ లేకుండా రిజిస్ట్రీ విలువ ఒక్కటే మారిస్తే ఎక్స్‌పీ దాన్ని పూర్తిగా పాటించదు.

లేత్‌షాప్: 445 కడితే దాన్నుంచి ఆఫీస్ షేర్డ్ ప్రింటర్‌కు ప్రింట్ పోదు కదా అన్నా?

పోర్ట్445: పోదు. లోకల్ యూఎస్‌బీ ప్రింటర్ పెట్టుకోండి. అన్నీ అయ్యాక ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ స్కానర్‌లోని కాన్‌ఫికర్ స్క్రిప్ట్‌తో మీ ల్యాన్‌లోని ఐపీ అడ్రస్‌లన్నీ స్కాన్ చేయండి. ఫైర్‌వాల్ 445 మూసిన సిస్టమ్ నుంచి జవాబే రాదు, దాన్ని క్లీన్ కింద లెక్కేయొద్దు. దాని దగ్గరికెళ్లి చేత్తో చూడాల్సిందే. ఇళ్లకు పట్టుకెళ్లిన ల్యాప్‌టాప్‌లు ఉంటే అవీ ఆ లిస్టులోవే.