అప్‌డేట్: ఆన్‌లైన్ దుకాణానికి కొత్త స్టాక్ సాఫ్ట్‌వేర్ ఎంపిక పూర్తయింది

మా పాత సాఫ్ట్‌వేర్ రెండు అమ్మకపు సైట్ల మధ్య నిల్వలను సకాలంలో సరిచేయక, లేని సరుకుకు కూడా ఆర్డర్లు వస్తుండటంతో ప్రత్యామ్నాయం సూచించమని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చివరకు అమ్మకాలు, నిల్వల వంటి పనులు చూసే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ అయిన ఈఆర్‌పీనెక్స్ట్‌ను ఎంచుకున్నాం. అది ఓపెన్ సోర్స్ (సోర్స్ కోడ్ అందరికీ బహిరంగంగా దొరికేది) కావడం కన్నా, అందులోని ప్రొడక్ట్ బండిల్ సదుపాయం వల్ల ఒక సెట్ అమ్ముడైనప్పుడు దానిలోని ప్రతి వస్తువు నిల్వ విడివిడిగా తగ్గడమే మాకు ముఖ్యమైంది.

అయితే అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించింది ముందుగా ఎస్‌కేయూ కోడ్లను (ఒక్కో వస్తువుకు దుకాణం ఇచ్చుకునే గుర్తింపు కోడ్లు) సరిచేయమన్న సలహా. ఒకే వస్తువుకు రెండు సైట్లలో వేర్వేరు కోడ్లు ఉంటే సాఫ్ట్‌వేర్ సాధారణంగా వాటిని వేర్వేరు వస్తువులుగానే లెక్కిస్తుంది కనుక, కోడ్లను ఏకం చేసి, సరుకంతా స్వయంగా లెక్కించి, ఆ లెక్కనే ప్రారంభ నిల్వగా నమోదు చేశాం. నేను పట్టుబట్టిన అమ్మకాల అంచనా సదుపాయం అవసరమే పడలేదు. ఇప్పుడు రెండు సైట్లలోనూ నిల్వల లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయి.