ఫీల్డ్ వర్క్ వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం ఎలా నేర్చుకోవాలి?

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువయ్యాక బడి మానేసిన పిల్లలతో పని చేయాలని నా కోరిక.

పోయిన నెల కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో 40 ఇళ్లు తిరిగాం. మాటలకు ఇబ్బంది లేదు. ఒక అవ్వ శెనక్కాయలు ఒలుస్తూనే మనవరాలు బడి ఎందుకు మానిందో గంటసేపు చెప్పింది. నోటుబుక్కు నిండిపోయింది.

ఎక్సెల్ దగ్గరే ఆగిపోయాం. పిల్లల సంఖ్య గడిలో 2-3 అని కొడితే తేదీగా మారిపోయింది. వయసు ఒకరు 14 అని, ఇంకొకరు ‘పద్నాలుగు’ అని రాశారు, సగటు తప్పుగా వచ్చింది. రిపోర్టు డీటీపీ షాపులో అను ఫాంట్‌లో కొట్టించాం. సార్ కంప్యూటర్లో తెరిస్తే ఒక్క అక్షరమూ తెలుగులో లేదు. ‘పొద్దస్తమానం ఫోన్లోనే ఉంటారు, ఇది రాదా?’ అంటారు అందరూ. ఫోన్ చూడటం వేరు, ఈ పని వేరు కదండీ. క్లాసులో ల్యాప్‌టాప్ ఉన్నది నలుగురికే.

సిగ్నల్ లేని ఊళ్లో కూడా కోబో టూల్‌బాక్స్ అనే సర్వే టూల్‌తో ఫోన్లోనే వివరాలు నింపి, తర్వాత పంపొచ్చని చదివాను. తెలుగు ప్రశ్నలతో వాడినవాళ్లు ఉంటే మొదటి ఫారం ఎలా చేశారో చెప్పండి. అను ఫైలును యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగులోనే కనిపించేలా, తప్పుల్లేకుండా మార్చేదెలా?

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇంకొకటి. పిల్లల పేర్లు, తల్లుల ఫోన్ నంబర్లతో సహా ఆ షీటు మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఆ తల్లులు మమ్మల్ని నమ్మి చెప్పిన వివరాలవి. ఫీల్డులో పనిచేసే అన్నలు, అక్కలు ఇలాంటివి ఎలా భద్రపరుస్తారు? పేర్ల బదులు నంబర్లు వేస్తే సరిపోతుందా?