వంగ, టమాటా మళ్లకు పైన ఏం కప్పాలి?

ప్రశ్న:
మాది అనంతపురం. పెరట్లో ఎర్రమట్టి, వంగ, టమాటా, మిరప వేశాను. పొద్దున నీళ్లు పెడితే మధ్యాహ్నానికే పైమట్టి పెళుసెక్కి నెర్రెలిస్తోంది. వేరుశనగ పొట్టు ఇక్కడ చవక, వరిగడ్డి మాత్రం బయటి నుంచి తెప్పించాలి. చెదల టెన్షన్ కూడా ఉంది. ఏది మంచిది?

జవాబు:
పొట్టే వేయండన్నా. మట్టిని ముందు బాగా తడిపి, ఆపైన రెండంగుళాల మందం పరవండి. పొడిమట్టి మీద కప్పితే చిన్న వాన పొట్టుకే సరిపోతుంది, వేరుదాకా దిగదు. మొదలు చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ తప్పనిసరి, కాండానికి ఆనించి పోస్తే ఆ తడికి కుళ్లు పడుతుంది. గింజలు మిగిలుంటే ఎలుకలు మడంతా తవ్వేస్తాయి, ఏరేసి వేయండి.

ఇంకో జవాబు:
ఊక వద్దు, మీ గాలికి నిలవదు. పచ్చి రంపపు పొట్టును మట్టిలో కలిపితే నత్రజని లాగేసుకుని ఆకులు పసుపెక్కుతాయి.

ప్రశ్న అడిగినవారు:
మరి చెదలకు?

మొదటి జవాబిచ్చినవారు:
కింద గుప్పెడు వేపపిండి చల్లండి. అప్పుడప్పుడూ పొట్టు లేపి చూస్తుండండి. మట్టి గూళ్లు కనబడితే అక్కడివరకు తీసేసి ఎండ తగలనివ్వండి.