శాటిలైట్ ఫోన్ కొనాలి: ఏ నెట్‌వర్క్, ఏ హ్యాండ్‌సెట్? వాడినవాళ్లు చెప్పండి

దారితప్పినోడు:
మేం నలుగురం 24 రోజుల నడక ఒకటి పెట్టుకున్నాం. అందులో 18 రోజులు సెల్ టవర్ అనేదే కనపడదు. ఒక శాటిలైట్ ఫోన్ పట్టుకెళ్దామని వెతకడం మొదలుపెడితే తల తిరిగిపోయింది. ఇరిడియం 9555 అంటారు, 9575 ఎక్స్‌ట్రీమ్ అంటారు, ఇన్‌మార్‌శాట్ వాళ్ల ఐశాట్‌ఫోన్ 2, గ్లోబల్‌స్టార్ జీఎస్‌పీ 1700, తురాయా ఎక్స్5 టచ్... నాకైతే ఆ చివరిదే నచ్చింది, ఆండ్రాయిడ్, టచ్ స్క్రీన్ కదా. మా అవసరాలు రెండే: ఇంట్లో అమ్మ టెన్షన్ పడకుండా రోజుకో మాట చెప్పడం, ఏదైనా జరిగితే సాయం పిలవడం.

కొండగాలి:
ఫోన్ నచ్చడం ఆఖరి సంగతి. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పకుండా ఈ ప్రశ్నకి జవాబు లేదు.

దారితప్పినోడు:
సారీ అండీ. బాగా ఉత్తరాన, ఆర్కిటిక్ వలయం దగ్గర, 66 డిగ్రీల అక్షాంశం అనుకోండి. దారి చాలావరకు లోయల్లోనే.

కొండగాలి:
అయితే సగం లిస్టు ఇక్కడే కొట్టేయొచ్చు. ఇన్‌మార్‌శాట్, తురాయా ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తులో, మనకి ఒకేచోట కదలకుండా ఉన్నట్టు కనిపిస్తాయి. భూమధ్యరేఖ దగ్గర ఉన్నవాడికి అవి దాదాపు నడినెత్తిన ఉంటాయి. మీరు ఉత్తరానికి వెళ్లేకొద్దీ దక్షిణ దిక్కున కిందికి దిగిపోతూ ఉంటాయి. 66 డిగ్రీల దగ్గర, ఉపగ్రహం సరిగ్గా మీ రేఖాంశం మీదే ఉన్నా సరే, దిగంతం నుంచి 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, పక్కకి ఉంటే ఇంకా తక్కువ. చెయ్యి చాచి పిడికిలి పట్టి చూడండి, ఒక పిడికిలి సుమారు 10 డిగ్రీలు. అంటే దక్షిణం వైపు కొండ ఒకటిన్నర పిడికిలి ఎత్తుంటే చాలు, మీ ఫోన్ ఇటుకరాయితో సమానం. పైగా ఆ ఉపగ్రహం కదలదు కాబట్టి గంటసేపు కూర్చున్నా ఉపయోగం లేదు, మీరే లేచి వేరే చోటికి నడవాలి.

పాతరేడియో:
ఇరిడియం దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. 780 కిలోమీటర్ల ఎత్తులో 66 ఉపగ్రహాలు, ధ్రువాల మీదుగా తిరుగుతుంటాయి. ఆరు కక్ష్యలు, ఒక్కోదాంట్లో పదకొండు. అన్నీ ధ్రువాల దగ్గర కలుస్తాయి కాబట్టి ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఆకాశంలో అవి ఎక్కువవుతాయి గానీ తగ్గవు. ఇంకో విషయం, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, మీ కాల్ అలా చేతులు మారుతూ ఎక్కడో నేల మీద ఉండి మామూలు ఫోన్ లైన్లకి కలిపే గ్రౌండ్ స్టేషన్‌లో దిగుతుంది. గ్లోబల్‌స్టార్‌కి ఆ సౌకర్యం లేదు, మిమ్మల్ని చూస్తున్న ఉపగ్రహానికే గ్రౌండ్ స్టేషన్ కూడా కనపడాలి. అందుకే నడిసముద్రంలో, ధ్రువాల దగ్గర దానికి కవరేజీ ఉండదు.

(అసలు 77 ఉపగ్రహాలు వేద్దామనుకుని, 77వ మూలకమైన ఇరిడియం పేరు పెట్టుకున్నారు. తర్వాత 66కి తగ్గించారు గానీ పేరు మార్చలేదు. 66వ మూలకం డిస్ప్రోసియం, ఆ పేరుతో ఫోన్ ఎవరు కొంటారు చెప్పండి.)

ఎడారిబాట:
తురాయాని మరీ తీసిపారేయకండి. విశాలమైన ఎడారిలో, ఆకాశం మొత్తం తెరుచుకుని ఉన్నచోట నేను వాడాను, మాట చాలా స్పష్టంగా వచ్చింది. అమెరికా ఖండాల్లో మాత్రం అది పనిచేయదు. ఇంకోటి కూడా తెలిసి కొనాలి. 2024 ఏప్రిల్‌లో తురాయా 3 ఉపగ్రహం చెడిపోతే ఆసియా-పసిఫిక్ వైపు సేవ ఆగిపోయింది. ఫోన్లు బాగానే ఉన్నాయి, పైన వినేవాడే లేడు. 2025 జనవరిలో తురాయా 4ని పైకి పంపారు. కాబట్టి ఎవరైనా పాత హ్యాండ్‌సెట్ చవగ్గా ఇస్తానంటే, మీరు వెళ్లే ప్రాంతంలో ఇవాళ సేవ ఉందా లేదా అడక్కుండా తీసుకోవద్దు.

అలలమీద:
పడవలో తిరిగే మనిషిని నేను. సముద్రం మీద అడ్డేముంది, అందుకే నాకు ఐశాట్‌ఫోన్ 2 హాయిగా ఉంది. కంపెనీ లెక్కల్లో బ్యాటరీ మాట్లాడితే 8 గంటలు, ఊరికే ఆన్‌లో ఉంచితే 160 గంటలు. 9555కి ఆ లెక్క 4 గంటలు, 30 గంటలు. చిన్న తేడా కాదు. కాకపోతే మాట ఆలస్యం. వెళ్లేటప్పుడు పైకీ కిందికీ కలిపి 72 వేల కిలోమీటర్లు, అంటే పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు సెకను. మొదట్లో ఇంటివాళ్లూ నేనూ ఒకేసారి మాట్లాడేసి, ఒకేసారి ఆగిపోయి, మళ్లీ ఒకేసారి 'చెప్పు చెప్పు' అనుకునేవాళ్లం. ఇప్పుడు మాట అవ్వగానే 'ఓవర్' అంటుంది మా ఆవిడ, పోలీసు వైర్‌లెస్ లాగా.

కొండగాలి:
తక్కువ ఎత్తు ఉపగ్రహాలకీ ఒక గోల ఉంది, అదీ చెప్పాలి. ఒక్కో ఉపగ్రహం నెత్తి మీద ఉండేది కొన్ని నిమిషాలే. మైదానంలో అయితే కాల్ ఒకదాని నుంచి ఇంకోదానికి మారిపోతుంది, మనకి తెలియదు. ఇరుకు లోయలో మాత్రం మొదటిది కొండ చాటుకి పోయేసరికి రెండోది ఇంకా వచ్చి ఉండదు, కాల్ కట్. ఒకసారి మాతో వచ్చిన అబ్బాయికి కాలు మెలిపడి, నేను ఫోన్‌లో 'మేం ఉన్న చోటు రాసుకోండి' అంటుండగానే లైన్ పోయింది, అలా మూడుసార్లు. నాలుగోసారి అక్షాంశ రేఖాంశాలే ముందు చదివాను, పలకరింపు తర్వాత. కాల్ చేసేముందు చెప్పాల్సింది కాగితం మీద రాసుకోండి. కట్ అయితే కంగారుపడకుండా కాసేపు ఆగండి, ఇంకో ఉపగ్రహం వస్తుంది.

గోడమీదపిల్లి:
అసలు ఫోనే ఎందుకు? రోజుకో మాట, అవసరమైతే సాయం అన్నారు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి మెసెంజర్ (ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే చిన్న పరికరం) చాలు, అదీ ఇరిడియం మీదే నడుస్తుంది. మెసేజ్‌కి ఉపగ్రహం కొద్దిసేపు కనపడితే చాలు, కాల్‌కి అలా కుదరదు. ఐఫోన్ 14 నుంచి ఎస్ఓఎస్ (ఆపదలో సాయం పిలిచే సదుపాయం) కూడా ఉంది, గ్లోబల్‌స్టార్ ద్వారా.

పాతరేడియో:
ఐఫోన్ ఎస్ఓఎస్ అన్ని దేశాల్లోనూ ఉండదు, చూసుకోవాలి. మెసెంజర్ మాట మాత్రం నిజం. అయితే గాయపడ్డ మనిషి పక్కన కూర్చుని డాక్టర్‌తో మాట్లాడాల్సి వస్తే టైపింగ్ నరకం. నలుగురు ఉన్నారు కాబట్టి ఫోన్ ఒకరి దగ్గర, మెసెంజర్ ఇంకొకరి దగ్గర పెట్టుకోండి. రెండూ ఒకే బ్యాగులో పెట్టి ఆ బ్యాగు ఏట్లో పడేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఎడారిబాట:
ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ అనలేదు. కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడమే నేరం, ఇండియా కూడా అందులో ఉంది. విమానం మారే దేశంలోనూ చూసుకోండి. 'నాకు తెలియదండీ' అంటే వదలరు.

అలలమీద:
అమ్మగారితో కూడా ఒక మాట. ఇంటి నుంచి ఈ నంబర్లకి ఫోన్ చేస్తే బిల్లు వాచిపోతుంది, ఇరిడియం నంబర్లు 8816తో మొదలవుతాయి, ఇన్‌మార్‌శాట్‌వి 870తో. రోజూ ఫలానా టైముకి మీరే చేయండి. ఒకరోజు కాల్ రాకపోతే ఏం చేయాలో, ఎన్ని గంటలు ఆగాలో ముందే మాట్లాడుకోండి, లేకపోతే బ్యాటరీ అయిపోయిన రోజున అక్కడ ఏడుపులు మొదలవుతాయి.

దారితప్పినోడు:
అందరికీ థ్యాంక్స్. టచ్ స్క్రీన్ మోజు వదిలింది. 9575 అద్దెకి, మెసెంజర్ ఒకటి సొంతానికి అనుకుంటున్నాం. 9575కి ఎస్ఓఎస్ బటన్ ఉంది కదా, అది నొక్కితే చాలా?

పాతరేడియో:
చాలదు. ఆ బటన్ ఎవరికి వెళ్లాలో ముందే సెట్ చేసి, రిజిస్టర్ చేయించుకోవాలి. అద్దె ఫోన్‌లో వెనకటి మనిషి సెట్ చేసింది అలాగే ఉండొచ్చు, నాకొకసారి అలాగే వచ్చింది, సిమ్ గడువు కూడా అయిపోయి ఉంది. చేతికి రాగానే ఆరుబయటికి వెళ్లి, యాంటెన్నా పూర్తిగా లాగి నిటారుగా పెట్టి, అమ్మకి ఒక కాల్ చేయండి. గదిలో కూర్చుని సిగ్నల్ లేదని ఇక్కడ పోస్టు పెట్టకండి.

దారితప్పినోడు:
చలిలో బ్యాటరీ?

కొండగాలి:
పగలు ఆఫ్ చేసి చొక్కా లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో. స్పేర్ బ్యాటరీ కూడా మీతోనే పడుకోవాలి.