అప్‌డేట్: సూరికాటాను ఐపీఎస్‌గా పెడితే పెద్ద డౌన్‌లోడ్‌లు ఆగిపోయే సమస్య తీరింది

నెట్‌వర్క్ ట్రాఫిక్‌లో దాడుల్ని కనిపెట్టే సూరికాటా సాఫ్ట్‌వేర్ ఐడీఎస్‌గా (చూసి హెచ్చరించడమే పని) ఉన్నంతకాలం బాగానే ఉండి, లినక్స్‌లోని ఏఎఫ్-ప్యాకెట్ పద్ధతితో ఇన్‌లైన్ ఐపీఎస్‌గా (ట్రాఫిక్ దాని గుండానే వెళ్తుంది, చెడ్డదాన్ని అది ఆపేస్తుంది) మార్చగానే పెద్ద ఫైళ్ల డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతోందని అడిగాను కదా, తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

నెట్‌వర్క్ కార్డు ఆఫ్‌లోడింగ్ (ప్యాకెట్ల పని భారం తగ్గించే సెట్టింగ్‌లు) చూడమన్నవారి మాటే నిజమైంది. వాటిలో జీఆర్‌ఓ అనేది వచ్చిన ప్యాకెట్లను కలిపేసి 1500 బైట్ల ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు ఉన్న గరిష్ఠ సైజు) దాటించేస్తోంది, వాటిని సూరికాటా అవతలి ఇంటర్‌ఫేస్‌లోకి పంపబోతే వెళ్లడం లేదు. ఐడీఎస్‌గా ఉన్నప్పుడు సూరికాటా ప్యాకెట్ల కాపీని చూసి ఊరుకుంటుంది కాబట్టి ఈ గొడవ బయటపడలేదు. నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్‌లు మార్చే ఈథ్‌టూల్ కమాండ్‌తో రెండు ఇంటర్‌ఫేస్‌ల మీదా జీఆర్‌ఓ, అలాగే ప్యాకెట్లను కలిపే ఎల్‌ఆర్‌ఓ ఆపేశాను, అంతే.

సూరికాటా రూల్సే డౌన్‌లోడ్‌ను ఆపుతున్నాయేమో అన్న అనుమానం అనవసరం. డ్రాప్ లాగింగ్ (ఆపేసిన ప్యాకెట్ల రికార్డు) ఆన్ చేసి చూస్తే ఆ కనెక్షన్లలో రూల్ వల్ల పడ్డ డ్రాప్ ఒక్కటీ లేదు. ర్యామ్ పెంచినా తేడా రాలేదు. అన్నట్టు, రీబూట్ అయితే ఈథ్‌టూల్ సెట్టింగ్ పోతుంది, స్టార్టప్ స్క్రిప్ట్‌లో పెట్టుకోండి.