నా సేవ్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవడానికి ఏటా చందా కట్టాలా?

పాతడిస్కు:
సోనీ ప్లేస్టేషన్ 4, అదే పీఎస్4, ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి, సెట్టింగ్స్‌లో కావాల్సిన గేమ్ టిక్ చేసి, సేవ్ (ఎంతవరకు ఆడామో దాచే ఫైల్) కాపీ చేసుకునేవాళ్ళం. పైసా ఖర్చు లేదు. పీఎస్5 వచ్చాక ఆ దారి మూసేశారు. పీఎస్5 గేమ్ సేవ్‌ని దాచుకోవాలంటే ఆన్‌లైన్ ఆడటానికి సోనీ అమ్మే చందా ప్లేస్టేషన్ ప్లస్ కట్టి క్లౌడ్‌లో, అంటే వాళ్ళ సర్వర్లో, పెట్టాలి. తమాషా ఏంటంటే, ఇదే పీఎస్5లో పీఎస్4 గేమ్ ఆడితే దాని సేవ్ ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది. మెషీన్‌కు చేతకాదని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నేను ఆన్‌లైన్ ఆడను. పిల్లలు పడుకున్నాక ఓ గంట, కథ ఉన్న గేమ్స్ మాత్రమే. మొన్న ఎండాకాలం మా వీధిలో వోల్టేజ్ ఎక్కువై కన్సోల్ బోర్డు కాలిపోయింది. దీని స్టోరేజ్ బోర్డు మీదే ఉంటుంది, ఊడదీసి ఇంకోదానికి పెట్టే వీలు లేదు. విడిగా వేయించుకున్న ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ బాగానే ఉంది కానీ అందులో గేమ్సే ఉంటాయి, సేవ్‌లు ఉండవు. ఎల్డెన్ రింగ్ గేమ్‌లో చివరి బాస్, అంటే ఆఖరి పెద్ద శత్రువు, దాకా వచ్చాను. ఇప్పుడు డిస్కు ఉంది, గేమ్‌లో గెలిచినందుకు నా అకౌంట్‌లో పడ్డ ట్రోఫీలు ఉన్నాయి, నా క్యారెక్టర్ మాత్రం పోయింది.

సర్వర్‌సుబ్బు:
మీకు జరిగినదానికి బాధగానే ఉంది. కానీ తప్పు సమాచారం పెట్టకండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో బ్యాకప్ అండ్ రీస్టోర్ ఉంది. చందా లేకుండానే యూఎస్‌బీ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకోవచ్చు, సేవ్‌లతో సహా. చూడకుండానే దారి మూసేశారని రాస్తే ఎలా?

పాతడిస్కు:
చూశానండీ. అది మొత్తం కన్సోల్ బ్యాకప్. ఒక గేమ్ సేవ్ ఒక్కటే తీసుకోవడానికి లేదు. తిరిగి ఎక్కించాలంటే ముందు కన్సోల్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది. మా తమ్ముడి కన్సోల్లో నా సేవ్ పెట్టుకోవాలంటే వాడిదంతా తుడిచెయ్యాలా?

సర్వర్‌సుబ్బు:
గేమ్స్ టిక్ తీసేస్తే బ్యాకప్ చిన్నదే అవుతుంది. మీరు అన్నది ‘దారి మూసేశారు’ అని. దారి ఉంది. ఒప్పుకోండి.

లాగులక్ష్మి:
అందరూ పీసీకి వచ్చేయండి. సేవ్ ఫైల్ ఫోల్డర్‌లో కళ్ళ ముందే ఉంటుంది, పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్ వాళ్ళ క్లౌడ్ 2008 నుంచీ ఫ్రీ.

డాలస్‌నాన్న:
మీరు పీఎస్5 గురించి ఏడుస్తున్నారు, నా గోడు వినండి. ఇక్కడ మా ఇంట్లో నింటెండో స్విచ్, చేత్తో పట్టుకుని ఆడే కన్సోల్. దాని ఆన్‌లైన్ సర్వీస్ 2018 సెప్టెంబరులో మొదలైంది, ఏడాదికి 20 డాలర్లు. సేవ్‌లు మైక్రో ఎస్‌డీ కార్డులోకి అసలు వెళ్ళవు. సరే కడదాం అనుకుంటే, కట్టినా అన్ని గేమ్స్‌కీ క్లౌడ్ సేవ్ లేదు. ఆన్‌లైన్ పోటీ గేమ్ స్ప్లాటూన్ 2కి లేదు, పోకెమాన్ గేమ్స్ చాలావాటికి లేదు. 2020 మార్చిలో యానిమల్ క్రాసింగ్ గేమ్ వచ్చినప్పుడూ లేదు. లాక్‌డౌన్‌లో మా అమ్మాయి రోజూ దాంట్లో దీవి కట్టుకుంది. జూన్‌లో స్విచ్‌ని స్విమ్మింగ్ పూల్‌లో పడేసింది. దీవికి బ్యాకప్ సదుపాయం జూలైలో వచ్చింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. చందా మాత్రం టైముకి కట్ అయింది.

సర్వర్‌సుబ్బు:
అన్నా, స్ప్లాటూన్ సంగతి వేరు. ర్యాంకు పడిపోగానే పాత సేవ్ దింపుకుని మళ్ళీ పై ర్యాంకుకి పోతారని ఆపారు. పీఎస్4లో పెన్‌డ్రైవ్ సేవ్‌లు మార్చడానికి ఏకంగా సాఫ్ట్‌వేరే అమ్మారు. డబ్బు, లెవెల్, ఐటెమ్స్ అన్నీ మార్చేసుకునేవాళ్ళు. ఫ్రీగా కాపీ చేసుకోనిస్తే ఇదే జరుగుతుంది.

లాగులక్ష్మి:
ఒక్కడే ఆడుకునే గేమ్‌లో డబ్బు పెంచుకుంటే నీకేం నష్టం?

సర్వర్‌సుబ్బు:
ట్రోఫీలకి విలువ ఉండదు.

లాగులక్ష్మి:
ట్రోఫీలకి విలువ ఉందా 😂

పాతడిస్కు:
చీటింగే భయమైతే ఫైల్‌కి తాళం వేసుకోమనండి, ఆ అకౌంట్‌తో తప్ప తెరుచుకోకుండా. కాపీనే ఆపడం దేనికి? పైగా చందా కట్టినవాడు క్లౌడ్ నుంచి పాత సేవ్ దింపుకుని ఇదే పని చేయొచ్చు. కట్టినవాడు చేస్తే చీటింగ్ కాదా?

గుంటూరు_కన్సోల్:
మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఎక్స్‌బాక్స్‌లో క్లౌడ్ సేవ్ అందరికీ ఫ్రీగా ఇస్తున్నారు. వాళ్ళ చందా గేమ్ పాస్ లేకపోయినా సరే. సోనీకి ఏమైంది?

సర్వర్‌సుబ్బు:
మైక్రోసాఫ్ట్‌కి సొంత డేటా సెంటర్లు ఉన్నాయి. స్టోరేజ్ ఊరికే రాదు బ్రదర్. నేను సర్వర్ల పని చేసేవాణ్ణి, నెలాఖరులో ఆ బిల్లు చూసేది నేను. డ్రైవ్, దాని కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ, కరెంటు, ఏసీ, రాత్రి రెండింటికి లేచి చూసే మనిషి. ప్లస్‌లో పీఎస్5 సేవ్‌లకే 100 జీబీ ఇస్తున్నారు.

పాతడిస్కు:
నా క్యారెక్టర్ సేవ్ కొన్ని ఎంబీలు. 100 జీబీ ఎవరడిగారు? నేను క్లౌడే అడగలేదు సుబ్బు గారూ. మీ సర్వర్ వద్దు, ఏసీ వద్దు, రెండింటికి లేచే మనిషి వద్దు. పెన్‌డ్రైవ్ నాది, కరెంటు నాది. మూడోసారి చెప్తున్నా, పెన్‌డ్రైవ్.

సర్వర్‌సుబ్బు:
నేనూ మూడోసారి చెప్తున్నా, యూఎస్‌బీ బ్యాకప్ ఉంది.

బెజవాడ_బటన్:
ఇద్దరూ టీ తాగి రండి.

కార్డుకష్టాలు:
కట్టినా గ్యారంటీ లేదు. 2021 అక్టోబరులో రిజర్వ్ బ్యాంక్ ఆటో డెబిట్ రూల్స్ మారాయి గుర్తుందా? నేను వాడే ఒక సర్వీస్‌కి నా కార్డు నుంచి డబ్బు వెళ్ళడం ఆగిపోయింది, బ్యాంకు నుంచి ఒక్క మెసేజ్ లేదు. చందా అయిపోయిన సంగతి ఫోన్ మార్చినప్పుడు తెలిసింది. అప్పటికి ఫైల్స్ లేవు. కస్టమర్ కేర్‌లో అమ్మాయి చాలా మర్యాదగా ‘సారీ సర్’ అంది. అంతే. మన వస్తువు ఇంకోడి బీరువాలో పెడితే ఇంతే సంగతులు.

గుంటూరు_కన్సోల్:
నెట్‌వర్కే పడిపోతే? 2011 ఏప్రిల్‌లో సోనీ ఆన్‌లైన్ నెట్‌వర్క్ పీఎస్‌ఎన్ హ్యాక్ అయి 23 రోజులు మూతబడింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ ఒక రోజంతా లేదు, దానికి ఐదు రోజుల ప్లస్ అదనంగా ఇచ్చారు. ప్లస్ లేనివాడికి ఏమిచ్చారు?

సర్వర్‌సుబ్బు:
ఒక రోజు ఆగితే కొంప మునగదు. అసలు ఇది పెద్ద విషయమా? ఆన్‌లైన్ ఆడేవాళ్ళం ఎలాగూ ప్లస్ కడతాం, క్లౌడ్ సేవ్ దాంతోపాటే వస్తుంది. భారత్‌లో 2021 ఫిబ్రవరి 2న లాంచ్ రోజే డిస్క్ మోడల్ 49,990 రూపాయలు. యాభై వేల బొమ్మ కొన్నవాడికి ఏటా ఆ చందా భారమా?

పాతడిస్కు:
మీకు క్లౌడ్ సేవ్ ఫ్రీ కింద లెక్క, ఎందుకంటే మీరు కట్టేది ఆన్‌లైన్ కోసం. నాకు ఆ ప్యాకేజీలో పనికొచ్చేది ఇదొక్కటే. అమెరికాలో 2023 సెప్టెంబరులో 60 డాలర్ల చందాని ఒక్కసారిగా 80 చేశారు. రేపు ఇంకా పెంచితే? సేవ్‌లు వాళ్ళ దగ్గరుంటే కట్టక చస్తామా?

ఇంకోటి. నేను యాభై వేలు పెట్టలేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. గేమ్స్ కూడా పాత డిస్కులే, ఆడి అమ్మేస్తా.

సర్వర్‌సుబ్బు:
అదీ సంగతి! ముందే చెప్పొచ్చుగా. కన్సోల్ సెకండ్ హ్యాండ్, డిస్కులు సెకండ్ హ్యాండ్. అంటే గేమ్ చేసినవాళ్ళకి నీ దగ్గర్నుంచి ఒక్క రూపాయి వెళ్ళలేదు. ఇప్పుడు సదుపాయం కూడా ఫ్రీగా కావాలి.

పాతడిస్కు:
‘నువ్వు’లోకి వచ్చేశారే. సరే. ఆ డిస్కుకి మొదట కొన్నవాడు పూర్తి ధర కట్టాడు. దాని మీద రెండోసారి ఎవరికి బాకీ? పాత బండి కొన్నవాడు కంపెనీకి మళ్ళీ ఏమైనా కడతాడా?

సర్వర్‌సుబ్బు:
బండి వేరు, గేమ్ వేరు. ఇంతకుముందు చెప్పలేదు, ఇప్పుడు చెప్తా. సర్వర్ల పనికి రాకముందు నేను హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోలో చేశా. పేరు వద్దు. మా గేమ్ రిలీజైన వారంలోనే పైరసీ కాపీ తిరిగింది. ఆడినవాళ్ళు మెసేజ్‌లు కూడా పెట్టారు, ‘సేవ్ కరప్ట్ అయింది, ఫిక్స్ చేయండి’ అని. కొననివాళ్ళు! జీతాలు ఆగాయి, స్టూడియో మూసేశారు. అప్పట్నుంచి ‘ఫ్రీగా ఇవ్వాలి’ అని ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆడినవాడు ఎక్కడో ఒకచోట డబ్బు పెట్టాలి. చందా అయితే చందా.

లాగులక్ష్మి:
పైరసీకి, సంతలో కొన్న ఒరిజినల్ డిస్కుకి తేడా లేదా మీ దృష్టిలో?

సర్వర్‌సుబ్బు:
చేసినవాడి జేబులోకి వచ్చేదాన్ని బట్టి చూస్తే లేదు.

పాతడిస్కు:
ఇదీ అసలు మాట. ఇంతసేపూ బ్యాకప్ మెనూ చూపించి వాదించారు. మీ స్టూడియోకి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఆ కోపం నా మీద దేనికి? పోనీ నేను కట్టే ప్లస్ డబ్బు మీలాంటి చిన్న స్టూడియోకి వస్తుందా? సేవ్ కాపీకి తీసుకునేది ప్లాట్‌ఫామ్ వాడు. ఎల్డెన్ రింగ్‌లో నేను గడిపిన రాత్రులకి, మీ స్టూడియో జీతాలకి ముడిపెట్టకండి. సెకండ్ హ్యాండ్ కొన్నవాణ్ణి దొంగ అనుకునేవాడితో పెన్‌డ్రైవ్ గురించి ఎంత వాదించినా దండగ.

సర్వర్‌సుబ్బు:
దొంగ అనలేదు. కస్టమర్ కాదన్నా.

డాలస్‌నాన్న:
సుబ్బు తమ్ముడూ, నేను అన్నీ కొత్తవే కొన్నా, చందా కట్టా. కస్టమర్నే కదా. మరి నా కూతురి దీవి ఏది?

మోడరేటర్:
పైరసీ, సెకండ్ హ్యాండ్ గొడవకి వేరే టాపిక్ తెరుచుకోండి. ఇక్కడ సేవ్‌ల గురించే రాయండి.

కొత్తవాడు_07:
నమస్తే అందరికీ. రేపు పీఎస్5 తీసుకుంటున్నా. పైన మొత్తం చదవలేదు. ప్లస్ ఏడాదిది ఇప్పుడే తీసుకోవాలా, నవంబరు సేల్ దాకా ఆగాలా?

గుంటూరు_కన్సోల్:
సేల్ దాకా ఆగు. ఈలోపు స్టెబిలైజర్ కొను.

సర్వర్‌సుబ్బు:
బ్యాకప్ అండ్ రీస్టోర్ కూడా ఉంది.