'పైయూరియా అంటే మూత్రంలో మంట': మార్కు ఇవ్వాలా, వద్దా?

కొండారెడ్డి_బురుజు:
కర్నూలులో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. వైద్య పదాలు బట్టీ పట్టలేక పిల్లలు అవస్థ పడుతుంటే ఈసారి గ్రీకు ధాతువులు పట్టుకున్నా. బోర్డు మీద 'పైర్ = నిప్పు' అని రాసి మొదలుపెట్టినా. జ్వరానికి పైరెక్సియా, జ్వరం దించే మందుకు యాంటీపైరెటిక్, జ్వరం పుట్టించే పదార్థానికి పైరోజన్, ఛాతీలో మంటకు పైరోసిస్, ఏదో ఒకటి తగలబెట్టాలనిపించే జబ్బుకు పైరోమేనియా. ఒక్క మాటతో అయిదు వచ్చేసినాయని పిల్లలకు సంబరం.

మొన్న స్లిప్ టెస్టులో 'పైయూరియా అంటే ఏమి?' అని అడిగినా. ఒక అమ్మాయి 'నిప్పు, మూత్రం కలిస్తే మూత్రంలో మంట' అని రాసింది. అసలు అర్థం మూత్రంలో చీము. గ్రీకులో చీముకు 'పైయాన్' అని వేరే మాట ఉంది, నిప్పుతో దానికి చుట్టరికం లేదు. కానీ చీము కణాలు పడే రోగికి చాలాసార్లు మంట కూడా ఉంటుంది కదా! దారి తప్పి పోయినా ఊరి పొలిమేర దాకా వచ్చింది. మా కొలీగ్ మేడం సున్నా వేయమంటోంది, 'ఈ గ్రీకు గోల నువ్వు తెచ్చిపెట్టిందే' అని కూడా అంటోంది. మీరేమంటారు?

పెన్న_ఇసుక:
సున్నా వేయండి సార్, ఆ పాపకు కాదు, మీ పద్ధతికి. మా జేజి 'ఎదలో మంటగా ఉండాది' అంటే ప్రొద్దుటూరులో డాక్టరు గ్యాస్ బిళ్ళ రాసిచ్చినాడు, పైరోసిస్ అనే మాటే ఎత్తలేదు. జ్వరం అనే మాట ఉండంగా పైరెక్సియా దేనికి? పరీక్ష కోసమంటారా, దానికి బట్టీ చాలు. ధాతువులు మొదలుపెడితే ఇట్లా కొత్త జబ్బులు పుడతాయి. రేపు పయోరియా అంటే పళ్ళకు నిప్పంటుకోవడం అని రాస్తారు, చూస్తాండండి.

వజ్రకరూరు_వాన:
నేను మందుల మనిషిని కాదు, రాళ్ళ మనిషిని. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు ఏరుకుంటారు, తెలిసిందే. వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ అనే రాతి జాడ తీసేవాళ్ళు మాత్రం మొదట వెతికేది పైరోప్ అనే ఎర్రటి గార్నెట్‌ను. మాటకు అర్థం 'నిప్పు కన్ను'. ఈ అర్థం విన్న పిల్లోడు ఆ రంగు మరవడు. పైరైట్ కూడా అంతే, ఉక్కుతో కొడితే రవ్వలొస్తాయి, అందుకే ఆ పేరు. బంగారమని మోసపోయేదీ దాన్ని చూసే.

నా వాదనకు నేనే గండి కూడా కొట్టుకుంటా. పైరాక్సీన్ అనే ఖనిజం ఉంది. 1796లో ఫ్రాన్సు ఖనిజ శాస్త్రవేత్త ఆయుయి పెట్టిన పేరు, 'నిప్పుకు పరాయిది' అని. లావాలో కనిపించిన ఈ స్ఫటికాలు బయటినుంచి వచ్చి ఇరుక్కున్నాయని ఆయన అనుకున్నాడు. తీరా చూస్తే అవి ఆ శిలాద్రవంలోనే పుట్టినవి. నిప్పు బిడ్డకు పరాయి అని పేరు పెట్టి, ఇప్పటికీ అట్లే పిలుస్తున్నాం.

ఎండాకాలం_డ్యూటీ:
కడప జిల్లాలో స్టాఫ్ నర్సును. నాకు పైయూరియాతో పేచీ లేదన్నా, మీ మొదటి పదంతోనే ఉంది.

మే నెలలో మధ్యాహ్నం పూట చేలో పడిపోయిన మనిషిని ఎత్తుకొస్తారు. 'ఒళ్ళు కాలిపోతాంది సిస్టర్, జ్వరం బిళ్ళ వేసినాం, దిగలా' అంటారు. దిగదు. జ్వరంలో మెదడులోని హైపోథాలమస్సే ఒంటి వేడిని పెంచి పెట్టుకుంటుంది. ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం దాన్ని అట్లా ఎగదోస్తుంది, పారాసిటమాల్ ఆ పదార్థాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బలో మెదడు వేడి పెంచమని చెప్పనే లేదు, వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది అంతే. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి మనిషి తిక్కతిక్కగా మాట్లాడుతుంటే బిళ్ళలు పక్కన పెట్టి గుడ్డలు వదులు చేయాలి, ఒళ్ళంతా తడపాలి, ఫ్యాను తిప్పాలి, మెడ దగ్గర, చంకల్లో ఐసు పెట్టాలి. అందుకే దానికి పైరెక్సియా అనరు, హైపర్‌థెర్మియా అంటారు.

'పైర్ అంటే నిప్పు' అని మాత్రమే విన్న పిల్ల యాంటీపైరెటిక్ అంటే వేడి తగ్గించేదని అనుకుంటుంది. పైరెక్సియా నేరుగా నిప్పు నుంచి రాలేదు, 'పైరెటోస్' మీదుగా వచ్చింది. పైరెటోస్ అంటే గ్రీకులో జ్వరమే. మనకు పాలూ కాగుతాయి, ఒళ్ళూ కాగుతుంది. అయినా ఒంటి కింద పొయ్యి ఎవరూ వెతకరు.

పెన్న_ఇసుక:
సిస్టర్ చెప్పింది నా పక్షమే!

ఎండాకాలం_డ్యూటీ:
కాదన్నా. సగం ధాతువు నేర్పొద్దంటున్నా, అంతే.

కొండారెడ్డి_బురుజు:
ఈ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నా. కానీ పైరోజన్ విషయంలో ధాతువే నన్ను కాపాడింది. సెలైన్ సెట్టు కవరు మీద 'స్టెరైల్' అని, 'నాన్ పైరోజెనిక్' అని రెండూ ఎందుకుంటాయి? స్టెరైల్ అయితే చాలదా? చాలదు. సూక్ష్మజీవి చచ్చినా దాని గోడ ముక్కలు మిగులుతాయి, అవే చలి, వణుకు, జ్వరం తెస్తాయి. సూదిమందు తర్వాత వచ్చే జ్వరానికి నీళ్ళలో చేరిన బ్యాక్టీరియా పదార్థాలే కారణమని అమెరికాలో ఫ్లోరెన్స్ సీబర్ట్ 1923లో చూపించింది. మరిగిస్తే అవి పోవు. గాజు సామాన్ల మీదివి పోవాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట పెట్టాల. 'జ్వరం పుట్టించేది' అని అర్థం చెప్పినాకనే పిల్లలు ఆ రెండు మాటల తేడా పట్టుకున్నారు.

ఆదోని_పత్తి:
ఒక మాట. అక్కలకర్ర శాస్త్రీయ నామంలో ఉండే 'పైరెత్రమ్' కూడా ఈ నిప్పేనంట. వేరు నమిలితే నోరు భగ్గుమంటుంది, పేరు సరిగ్గా సరిపోయింది. తర్వాత అదే పేరు ఇంకో మొక్కకు పోయింది, దాని పూలలో పురుగును చంపే మందు ఉంది. దాన్ని చూసి తయారు చేసిన సైపర్‌మెత్రిన్ పైరెత్రాయిడ్ అయింది. నేను పత్తికి కొట్టే మందులో ఇప్పుడు నిప్పూ లేదు, అక్కలకర్రా లేదు. అయినా చెయ్యి మీద పడితే చుర్రుమంటుందిలే.

వజ్రకరూరు_వాన:
అంతా బాగుంది, మార్కు సంగతి?

కొండారెడ్డి_బురుజు:
అర మార్కు ఇచ్చినా. పేపరు తీసుకుని పోయిన పాప మళ్ళీ వెనక్కి వచ్చి, 'సార్, జీర్ణాశయం చివర పైలోరస్ ఉంది కదా, అదీ నిప్పేనా?' అని అడిగింది. కాదమ్మా, అది 'ద్వారపాలకుడు' అన్నా. నోటుబుక్కు తీసి రాసుకుంది.